మంచులో చిక్కిన 28 మంది

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మన పెద్దలు చెప్పుదురు. ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డలలోనే ఒకడు మాటకారి, ఒకడు మితభాషి. ఒకడు తొందరపాటువాడు, మరియొకడు నిదానస్థుడు. ఒకడు రేపటి భోజనమును గూర్చి నేడే చింతించును. మరియొకడు రేపటి సంగతి రేపు చూచుకొందమనును. ఇంటిపట్టున నున్నంత కాలము ఈ భేదములు మనకు వినోదముగనే యుండును. కాని తలదాచుకొనుటకు కప్పు లేక, తినుటకు తిండి లేక, గాలికిని నీటికిని మంచునకును ఎదురుగా నిలువవలసి వచ్చినపుడు, మనుష్యుని స్వభావ మెట్టిదను ప్రశ్న ప్రాణములకు సంబంధించిన ప్రశ్న యగును. అట్టి చోట ఎవడు నిలుచును? సాహసియా? జాగరూకుడా? పదిమందిని నవ్వించువాడా? మౌనముగా పని చేసికొని పోవువాడా?

మనుష్యుల స్వభావములను తరగతులుగా విభజించు ప్రయత్నము మిక్కిలి పురాతనమైనది. మన ఆయుర్వేదము వాత, పిత్త, కఫ ప్రకృతులను చెప్పినది. భగవద్గీత సత్త్వము, రజస్సు, తమస్సు అను మూడు గుణములను వివరించినది. గ్రీకు వైద్యులు శరీరమునందలి నాలుగు రసములను బట్టి నాలుగు విధముల స్వభావములు ఏర్పడునని తలంచిరి. 1921లో యూంగ్ అను స్విట్జర్లాండు మనశ్శాస్త్రజ్ఞుడు మనుష్యులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విభజించి గ్రంథము వ్రాసెను. నేటి శాస్త్రజ్ఞులు పెక్కుమంది మనుష్యులను ఇట్లు పెట్టెలలో పెట్టుటకు ఇష్టపడరు. క్రొత్తదనమునందు ఆసక్తి, పనియందు క్రమము, కలుపుగోలుతనము, ఇతరులతో పొందిక, మనస్సు కలతచెందు గుణము అను అయిదును ప్రతి మనుష్యునియందును హెచ్చుతగ్గులుగా నుండునని వారందురు. అనగా స్వభావము కొలతను బట్టి చూడదగినదే గాని, గోడలు కట్టి వేరుపరచదగినది కాదు.

ఇట్టి భిన్నస్వభావములు గల మనుష్యులు ఆపదలో నెట్లు ప్రవర్తింతురో, ఎవరి గుణము ఎచ్చట ఉపకరించునో, ఎచ్చట అపకారము చేయునో తెలిసికొనుటకు చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణము కలదు. అది ఎండ్యూరెన్సు అను ఓడలో దక్షిణధ్రువ ప్రాంతమునకు వెడలిన 28 మంది కథ.

ఎర్నెస్టు షాకల్టన్ ఐర్లండు దేశమున జన్మించిన నావికుడు. అతడు 1909 జనవరిలో దక్షిణధ్రువమునకు 97 సముద్రపు మైళ్ళ దూరము వరకు పోయి, ఇంకను ముందునకు సాగినచో తనతోడివారు ప్రాణములతో తిరిగిరారని గ్రహించి వెనుకకు మరలెను. గెలుపు కంటి కెదురుగా నుండగా వెనుదిరుగుట సామాన్యమైన పని కాదు. 1911లో నార్వే దేశీయుడగు అముండ్‌సెన్ ధ్రువమును చేరెను. అంతట షాకల్టన్ అంటార్కిటికా ఖండమును ఒక సముద్రతీరము నుండి మరియొక తీరమునకు నడచి దాటవలెనని సంకల్పించెను. తన వంశమువారి ధ్యేయవాక్యమును బట్టి ఓడకు ఎండ్యూరెన్సు అని పేరు పెట్టెను. ఎండ్యూరెన్సు అనగా ఓర్పు.

అనుచరులను ఎన్నుకొనుటలో అతని పద్ధతి విచిత్రమైనది. జేమ్సు అను భౌతికశాస్త్రజ్ఞుడు వచ్చినపుడు, అతని శాస్త్రజ్ఞానమును గూర్చి ప్రశ్నింపక, నీకు పాడుట చేతనగునా యని అడిగెను. గొప్ప గాయకుడు కావలెనని అతని తలంపు కాదు. పదిమందితో కలిసి కేకలు వేసి పాడగలవా యని మాత్రమే అతని భావము. నెలల తరబడి ఇరుకైన చోట కలిసి మెలసి యుండవలసిన వారికి శాస్త్రజ్ఞానము ఎంత ముఖ్యమో, సరదాయు అంత ముఖ్యమని అతడెరుగును.

1914 డిసెంబరు 5వ తేదీన ఓడ దక్షిణ జార్జియా దీవి నుండి బయలుదేరెను. 1915 జనవరిలో, గమ్యస్థానమగు తీరమునకు సుమారు ఒకదిన ప్రయాణము దూరమున, వెడ్డెల్ సముద్రమునందలి మంచు ఓడను నలుప్రక్కల బిగించెను. గాలి మంచును దగ్గరగా నెట్టెను; చలి ఆ మంచును ఒకే రాతిపలకవలె చేసెను. ఓడ కదలలేదు. మంచుతోపాటు కొట్టుకొని పోవుట తప్ప గత్యంతరము లేకపోయెను. మే నెలలో సూర్యుడు అస్తమించెను. జూలై చివర వరకు మరల ఉదయింపలేదు.

ఎడతెగని చీకటి మనస్సును క్రుంగదీయును. పూర్వము అదే ప్రాంతములందు మంచులో చిక్కిన మరియొక ఓడలో కొందరికి మతిచలించెను. షాకల్టన్ ఆ సంగతి నెరిగినవాడు. అందువలన అతడు ఎవరిని ఊరక కూర్చుండనీయలేదు. శాస్త్రజ్ఞులును, అధికారులును, నావికులును భేదము లేక వంతులవారీగా నేల కడిగిరి. కుక్కలను జట్లుగా విభజించి ఒక్కొక్క జట్టును ఒక్కొక్కనికి అప్పగించిరి. వెలుతురున్న దినములలో మంచుపై బంతియాట లాడిరి; చీకటి దినములలో నాటకములాడి పాటలు పాడిరి. మాటకారులకు శ్రోతలు దొరకిరి, మితభాషులకు పని దొరకినది. ఇట్లు ఎవరి స్వభావమునకు తగిన ఆధారము వారికి లభించెను.

అక్టోబరు నాటికి మంచు ఓడను నలుప తొడగెను. దూలములు విరుగు ధ్వని ఫిరంగిమ్రోతవలె వినబడెను. 1915 అక్టోబరు 27వ తేదీన షాకల్టన్ ఓడను విడువుడని ఆజ్ఞాపించెను. నవంబరు 21వ తేదీన అది మునిగిపోయెను. 28 మంది మనుష్యులు, మూడు పడవలు, కొన్ని డేరాలు, కుక్కలు, కొద్దిపాటి ఆహారము - ఇదియే మిగిలినది. కాలిక్రింద నున్నది భూమి కాదు. సముద్రముపై తేలుచున్న మంచుపలక. తంతివార్త పంపు మార్గము లేదు. వారెచ్చట నున్నారో ప్రపంచమున ఎవరును ఎరుగరు.

అపుడు షాకల్టన్ అందరిని పిలిచి, ఒక్కొక్కడు తన సొంత వస్తువులలో 2 పౌనుల బరువు మాత్రమే ఉంచుకొనవలెనని చెప్పెను. తన జేబులోని బంగారు నాణెములను అందరు చూచుచుండగా మంచుపై పారవైచెను. కాని హస్సీ అను వాతావరణశాస్త్రజ్ఞుని బాంజోను మాత్రము విడువనీయలేదు. ఆ తంతివాద్యము బరువు సుమారు 12 పౌనులు. బంగారమును పారవేయించి వాద్యమును మోయించుట వెర్రిగా తోచవచ్చును. బంగారము ఆ మంచులో ఎవని ఆకలిని తీర్పజాలదు. పాట మాత్రము దిగులును తీర్పగలదు. హస్సీ చిన్న ఆకారము గలవాడు, హాస్యప్రియుడు. బరువులు లాగుటలో అతడు మొదటివాడు కాకపోవచ్చును. కాని చీకటిలో నలుగురిని నవ్వించు శక్తి అతనియందుండెను. ఆపదలో అదియు ఒక బలమే.

పడుకొను సంచులు పంచవలసి వచ్చినది. వానిలో 18 మాత్రము వెచ్చని బొచ్చుతోలు సంచులు, తక్కినవి ఉన్నివి. చీట్లు వేసిరి. షాకల్టనునకును పెక్కుమంది అధికారులకును ఉన్నిసంచులే వచ్చినవి. మంచి సంచులు నావికులకు దక్కినవి. ఆ చీట్లలో ఏదో కిటుకున్నదని నావికులు గ్రహించిరి. ఆపదలో అసూయ పుట్టినచో అది చలికంటె ముందుగా మనుష్యులను చంపును. ఆ అసూయకు తావులేకుండ చేయుట నాయకుని మొదటి పని.

డేరాలలో ఎవరెవరిని ఎచ్చట ఉంచవలెననుటయు అతడు ఆలోచించియే నిర్ణయించెను. హర్లీ అను ఛాయాచిత్రకారుడు మహా సమర్థుడు. మునుగుచున్న ఓడలోనికి దిగి, మంచునీటిలో మునిగి, తన చిత్రఫలకములను పైకి తెచ్చినవాడు. కాని తన మాటకు గౌరవము జరుగవలెనను కోరిక అతనికి అధికము. ఆ గౌరవము దొరకనిచో అట్టివాడు తన చుట్టు అసంతృప్తుల గుంపును చేర్చుకొనవచ్చును. కావున షాకల్టన్ హర్లీని తన డేరాలోనే ఉంచుకొని, ప్రతి విషయమున అతని సలహా నడుగుచుండెను. పుస్తకములు తప్ప లోకవ్యవహార మెరుగని జేమ్సును ఇతరులు వేళాకోళము చేసి నొప్పింతురేమోయని అతనినికూడ తన చెంతనే ఉంచుకొనెను. స్వభావమును మార్చుటకు అతడు ప్రయత్నింపలేదు. దానికి తగిన చోటు చూపెను.

అయినను అందరును సులభముగా దారికి వచ్చిరని తలంపరాదు. మక్‌నిష్ అను వడ్రంగి ముక్కుసూటి మనిషి, మాట కఠినము. పడవలను మంచుపై ఈడ్చుట వృథాశ్రమ యని అతని అభిప్రాయము. అతడు ప్రేమతో పెంచిన పిల్లిని, ఆహారము చాలదను కారణమున, ఓడ విడిచిన దినములలో కాల్చివేసిరి. ఆ దుఃఖమును అతడు మరువలేదు. 1915 డిసెంబరు చివర ఒకనాడు, ఓడయే లేనపుడు ఓడ ఒడంబడిక ఎక్కడిదని ప్రశ్నించి, ఇక అడుగు వేయనని మొండికెత్తెను. షాకల్టన్ అందరిని చేర్చి ఒడంబడిక పత్రమును చదివి వినిపించి, రేవు చేరువరకు అది చెల్లునని స్పష్టముగా చెప్పెను. మక్‌నిష్ లొంగెను. అయినను అతడు చెప్పినదానిలో సత్యము లేకపోలేదు. కొలది దినములకే పడవల నీడ్చుట మానుకొనవలసి వచ్చెను.

ఉగ్రాణపు అధికారి ఆర్డిలీసు కథ మరియొక విధమైనది. అతడు ఎల్లప్పుడును తిండి చాలదేమోయని భయపడువాడు. తన వంతులో కొంత దాచుకొనువాడు. అందరును అతనిని చూచి నవ్విరి, కొందరు విసుగుకొనిరి. దొరికినపుడే సీలు అను సముద్రజంతువులను వేటాడి మాంసము నిల్వచేయవలెనని అతడు మొరపెట్టుకొనెను. షాకల్టన్ వినలేదు. ఎక్కువగా నిల్వచేసినచో, చాలకాలము మంచులోనే ఉండవలసి యున్నదని మనుష్యులు నిరాశ చెందుదురని అతని భయము. కొన్ని వారములకు సీళ్ళు కనబడుట మానినవి. ఆహారము తగ్గిపోయినది. కుక్కలను చంపవలసి వచ్చినది. ఆశావాది తప్పు లెక్క వేసెను. అందరు పరిహసించిన భయస్థుని లెక్కయే సరియైనది.

ఒకనాడు ఆ ఆర్డిలీసునే ఒక భయంకరమైన చిరుతసీలు తరుముకొని వచ్చెను. అతడు ప్రాణభయముతో పరుగెత్తి కేకలు వేసెను. ఫ్రాంక్ వైల్డు అను ఉపనాయకుడు తుపాకి తీసికొని తొందరపాటు లేక గురి చూచి దానిని కాల్చివేసెను. ఆ సీలు పొట్టలో ఇంకను జీర్ణము కాని చేపలుండెను. ఆనాడు అందరికి మాంసముతోపాటు చేపలును దొరికినవి.

ఇట్లు ఆకలితో నుండగా జరిగిన చిన్న సంఘటన యొకటి చెప్పదగినది. ఒకని వంతు పాలు వాదులాటలో ఒరిగి మంచుపాలైనవి. ఆ దినములలో ఒక్క గుక్కెడు పాలు ఎంత విలువైనవో ఊహించుకొనవచ్చును. అతడు మాటలేక ఖాళీగిన్నెవైపు చూచుచు కూర్చుండెను. అప్పుడు డేరాలోని వారు ఒక్కొక్కరుగా లేచి, ఏమియు పలుకక, తమ గిన్నెలలోని పాలు కొంచెము కొంచెము అతని గిన్నెలో పోసిరి. అతనికి పాలు చిందించినవాడును, తిండి దాచుకొనువాడని పేరుపడిన ఆర్డిలీసును వారిలో నుండిరి. మనుష్యుని ఒక్క గుణమును బట్టి కొలువరాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము కావలెనా?

1916 ఏప్రిల్ 9వ తేదీన మంచుపలక చీలిపోయెను. వారు మూడు పడవలలో ఎక్కి, నిద్రాహారములు లేక, తడిసిన బట్టలు ఒంటిమీదనే గడ్డకట్టగా, 15వ తేదీన ఎలిఫెంటు దీవిని చేరిరి. సుమారు 16 నెలల తరువాత వారి కాళ్ళు గట్టినేలను త్రొక్కినవి. కాని అది నిర్జనదీవి. ఓడలు వచ్చు దారిలో లేదు. సహాయమునకై ఎవరైనను పోవలెను. దక్షిణ జార్జియా సుమారు 800 సముద్రపు మైళ్ళ దూరము. నడుమ నున్నది లోకములోని మిక్కిలి ఉగ్రమైన సముద్రములలో నొకటి. పడవ పొడవు 22 అడుగులన్నర.

ఆ పడవలో పోవుటకు షాకల్టన్ తనతో అయిదుగురిని ఎన్నుకొనెను. ఓడకు కప్తానుగా నుండిన వర్‌స్లీ ఉద్రేకి, సాహసప్రియుడు. మనుష్యులను అదుపులో ఉంచుటలో గట్టివాడు కాడు. కాని సూర్యుని ఎత్తును కొలిచి దారి కనుగొనుటలో అతనికి సాటి లేదు. టామ్ క్రీన్ అలసట ఎరుగనివాడు. మెకార్తీ అను నావికుడు ఎట్టి కష్టమునందైనను నవ్వుముఖము మారనివాడు. నాలుగవవాడు ఎదురుతిరిగిన వడ్రంగి మక్‌నిష్. అయిదవవాడు దేహబలము గల విన్సెంటు. ఈ విన్సెంటు తోటివారిని బెదరించు స్వభావము గలవాడు. ఈ ఇరువురిని దీవియందు విడిచినచో అచ్చటివారికి చిక్కులు కలుగవచ్చును. తనవెంట నున్నచో వారి నేర్పును బలమును పనికివచ్చును. ఇట్లు ఒకే నిర్ణయముతో షాకల్టన్ రెండు కార్యములు సాధించెను.

బయలుదేరుటకు ముందు మక్‌నిష్ పెట్టెల మూతలతోను, బండ్ల కర్రలతోను, కాన్వాసు గుడ్డతోను పడవకు పైకప్పు వంటిది అమర్చెను. సందులు పూడ్చుటకు దీపపు వత్తులను, చిత్రకారుని రంగులను, సీలు నెత్తురును వాడెను. ఆ పైకప్పు లేకున్నచో మొదటి పెద్ద కెరటమే పడవను నింపియుండెడిది. మొండివాడని పేరుబడిన మనిషి చేతిపనియే ఆరుగురి ప్రాణములను మోసెను.

ఏప్రిల్ 24న బయలుదేరిన ఆ పడవ 16 దినములు సముద్రముతో పోరాడెను. ఆకాశము మబ్బులతో కప్పబడియుండుటచే వర్‌స్లీకి సూర్యుని కొలుచు అవకాశము దారిలో నాలుగు మారులే చిక్కినది. ఎగిరిపడు పడవలో ఇద్దరు తన్ను పట్టుకొని నిలుపగా అతడు కొలతలు తీసెను. ఇసుమంత తప్పినను పడవ దీవిని దాటి మహాసముద్రములోనికి పోయియుండెడిది. బలవంతుడని తీసికొని వచ్చిన విన్సెంటు నడుమనే నీరసించి కూలబడెను. నవ్వుముఖము గల మెకార్తీ చివరివరకు నిలిచెను. కండబలమును మనోబలమును ఒకటి కావని ఆ సముద్రము తేటపరచెను.

ఎవడైనను చలికి తాళలేక కృశించుచున్నట్లు కనిపించినపుడు షాకల్టన్ వాని పేరెత్తక, అందరికి వేడిపాలు కాచి యిండని చెప్పెడివాడు. తనకొరకే పాలు కాచిరని తెలిసినచో ఆ మనుష్యుడు తన స్థితిని గూర్చి భయపడును, లేదా సిగ్గుపడును. అందరితోపాటు త్రాగినచో అతని మానమును నిలుచును, ప్రాణమును నిలుచును.

మే 10వ తేదీన వారు దక్షిణ జార్జియాను చేరిరి. కాని మనుష్యులుండు తిమింగిలముల వేటస్థావరము దీవి ఆవలి ప్రక్కన నుండెను. నడుమ నున్నవి అంతవరకు ఎవరును దాటని మంచుకొండలు. షాకల్టన్, వర్‌స్లీ, క్రీన్ ముగ్గురును జోళ్ళకు పడవలోని మరలను బిగించుకొని బయలుదేరి 36 గంటలు నడచిరి. దారిలో అలసిన ఇద్దరును నిద్రపోయిరి. తానును నిద్రించినచో ఆ చలిలో ముగ్గురును మరల మేలుకొనరని షాకల్టనునకు తెలియును. అతడు అయిదు నిమిషములకే వారిని లేపి, అరగంట నిద్రపోయితిరని చెప్పెను. అరగంట విశ్రమించితిమను నమ్మకముతో వారు లేచి నడచిరి. మే 20వ తేదీన ముగ్గురును వేటస్థావరమును చేరిరి.

ఇచ్చట ఎలిఫెంటు దీవిలో 22 మంది వేచియుండిరి. వారికి నాయకుడు ఫ్రాంక్ వైల్డు. అతడు ఉపన్యాసము లిచ్చువాడు కాడు. కొద్ది మాటలు, నిండు ప్రశాంతత. మిగిలిన రెండు పడవలను బోర్లించి, రాళ్ళగోడలపై నిలిపి, ఆ కప్పు క్రింద అందరు తలదాచుకొనిరి. పెంగ్విను పక్షుల మాంసము, సీళ్ళ మాంసము తిని, సీళ్ళ క్రొవ్వును మండించుకొని కాలము గడపిరి. దొంగచాటుగా ఓడ యెక్కి వచ్చిన బ్లాక్‌బరో అను యువకుని పాదమునకు మంచుకాటు తగిలి వ్రేళ్ళు కుళ్ళినవి. ఆ పొగచూరిన గుడిసెలోనే జూన్ నెలలో ఇద్దరు వైద్యులు శస్త్రచికిత్స చేసి అతని ఎడమపాదపు వ్రేళ్ళను తొలగించిరి. రాత్రులందు హస్సీ బాంజో మ్రోగెను. మంచుపై పారవేయని ఆ పన్నెండు పౌనుల విలువ అప్పుడు అందరికిని తెలిసినది.

వైల్డు ప్రతి ఉదయమును తన పడుకొను సంచిని చుట్టి, నాయకుడు నేడే రావచ్చును, మీ సామాను సర్దుకొనుడని అందరితోను చెప్పెడివాడు. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు నెలలకు పైగా అతడట్లు చెప్పెను. ఆశ యనునది కొందరికి పుట్టుకతో వచ్చు గుణము కావచ్చును. వైల్డు దానిని ప్రతిదినము చేయవలసిన పనిగా మార్చెను. రానివాడు ఎట్లును రాడని తలంచినవాడు కూడ తన సంచిని చుట్టుకొనక తప్పలేదు. చుట్టిన సంచి మనస్సును కూడ నిలబెట్టెను.

షాకల్టన్ మూడు మారులు ఓడలు సంపాదించి బయలుదేరెను; మూడు మారులును మంచు అడ్డగించెను. నాలుగవ మారు చిలీ దేశపు యెల్చో అను చిన్న ఓడలో, లూయీ పార్డో అను అధికారి నడుపగా, 1916 ఆగస్టు 30వ తేదీన దీవిని చేరెను. దూరమునుండియే తీరముననున్న మనుష్యులను ఒక్కొక్కరిగా లెక్కించెను. 22 మందియు ఉండిరి. ఎండ్యూరెన్సు ఓడలో వెడలిన 28 మందిలో ఒక్కడును మరణింపలేదు.

ఈ కథను చెప్పునపుడు రెండు సంగతులను దాచరాదు. ఖండపు ఆవలి తీరమున షాకల్టను కొరకు ఆహారపు నిల్వలు ఏర్పరచుటకు వెళ్ళిన మరియొక జట్టులో ముగ్గురు మరణించిరి. మంచి నాయకత్వము ఎంత యున్నను ప్రకృతి కొన్ని మారులు తన పన్ను తీసికొనును. రెండవది, తిరిగి వచ్చిన పిదప పెక్కుమందికి ధ్రువపతకములు లభింపగా, మక్‌నిష్‌తోపాటు మరి ముగ్గురికి అవి దక్కలేదు. తానెదిరించిన నాయకుడు అతని పేరును సిఫారసు చేయలేదు. ఆ వడ్రంగి 1930లో న్యూజిలాండున బీదవాడై మరణించెను. 2004లో అతని సమాధిపై అతని పిల్లి కంచుబొమ్మను ఉంచిరి. మంచులో అందరి గుణములను తూచి చూచిన షాకల్టన్, ఈ ఒక్క మనుష్యుని పట్ల త్రాసును సరిగా పట్టలేదని చరిత్రకారులు కొందరు తలంచుచున్నారు.

ఇక మనము మొదట వేసిన ప్రశ్నకు వత్తము. ఆపదలో ఎట్టి స్వభావము నిలుచును? ఈ 28 మందిని చూచినచో, ఏ ఒక్క స్వభావమును వారందరిని కాపాడలేదని తెలియుచున్నది. ఆశావాది లేకున్నచో వారు నడచియుండెడివారు కారు. కాని అతని ఆశయే ఆహారపు కొరతకు కారణమయ్యెను. భయస్థుడు విసుగు పుట్టించెను. కాని నిల్వల లెక్క అతనికే తెలిసెను. మొండివాడు కలహము తెచ్చెను. కాని అతడే పడవకు పైకప్పు కట్టెను. ఉద్రేకి అదుపు తప్పెడివాడు; కాని అతడే దారి చూపెను. ప్రతి గుణమునకు లాభమును కలదు, నష్టమును కలదు. అది సరియైన చోట నున్నపుడు ఔషధము. సరికాని చోట నున్నపుడు విషము.

అంతమాత్రమే కాదు. సాహసికి పేరుపడిన షాకల్టనునకు ఆ యాత్రలో అనుచరులు పెట్టిన మారుపేరు జాగ్రత్తపరుడని యర్థమిచ్చునది. అనగా మనుష్యుడు తన స్వభావమునకు బానిస కాడు. ఇరువది యేడుగురి ప్రాణములు తన చేతిలో నున్నవని తెలిసినపుడు సాహసియు జాగ్రత్తను నేర్చుకొనును.

ఈ సత్యమును నేటి శాస్త్రజ్ఞులును గుర్తించిరి. అంటార్కిటికాలో మన దేశమునకును స్థావరములు కలవు. మైత్రి 1989లోను, భారతి 2012లోను పని ప్రారంభించినవి. అచ్చట శీతకాలమంతయు కొద్దిమంది మాత్రమే కలిసి యుండవలెను. ఇట్టి ప్రదేశములకు మనుష్యులను ఎన్నుకొనునపుడు, దేహారోగ్యముతోపాటు ఇతరులతో కలిసి మెలసి యుండగల మనస్సు కలదా యనియు ఆయా దేశములవారు చూతురు. మునిగిన ఎండ్యూరెన్సు ఓడను 2022 మార్చిలో వెడ్డెల్ సముద్రమునందు సుమారు 3,000 మీటర్ల లోతున కనుగొనిరి. వెనుకభాగమున దాని పేరు ఇంకను స్పష్టముగా చదువ వీలగుచున్నది.

విద్యార్థులారా! మీరు అంటార్కిటికాకు పోకపోవచ్చును. కాని స్కౌటు దళముతో కొండలెక్కుదురు. స్నేహితులతో అడవిదారులు నడతురు. వరదలోనో తుపానులోనో చిక్కుకొనవచ్చును. అట్టి సమయమున మీ జట్టులో ధైర్యవంతుడెవడని మాత్రమే వెదకకుడు. నీరు చాలునా యని పదే పదే అడుగువానిని పరిహసింపకుడు. సీసాల లెక్క అతనికే అప్పగింపుడు. మాటలాడనివానిని విడిచిపెట్టకుడు; అతని కాలికి దెబ్బ తగిలినను చెప్పకపోవచ్చును. ముందు పరుగెత్తువానిని దారి చూచి రమ్మని పంపుడు, కాని ఒంటరిగా పంపకుడు. మీలో మీకు తెలిసిన లోపమేదో, దానిని తోడివారికి ముందుగనే చెప్పుడు. అందరికంటె మెల్లగా నడచువాని నడకయే జట్టు నడక యని యెరుగుడు.